తనిఖీ రోగులు

మా కాలేజీ ఆసుపత్రిలో అన్నీ ఉండేవి, రోగులు తప్ప. మంచాలున్నాయి, మంచాల మీద తెల్ల దుప్పట్లున్నాయి, గేటు పక్కన ‘అత్యవసర విభాగం’ అని ఎర్ర బోర్డుంది. దేవరయాంజాల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే ఆ భవనం. జ్వరానికో దగ్గుకో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి బిళ్ళలు తీసుకుని పోయేవాళ్ళు గాని, మంచం మీద పడుకోమంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు. కొంచెం పెద్ద జబ్బయితే నేరుగా సికింద్రాబాద్ బస్సెక్కేవాళ్ళు. ఆ పాటి తెలివి మాకు లేకపోయింది. మేం అక్కడే నర్సింగులో చేరాం.

పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు. వార్డులో గడిపే ఆ పొద్దుటి పూటను క్లినికల్స్ అంటారు. పుస్తకంలో చదివినదాన్ని రోగి పక్కన నిలబడి నేర్చుకోవడమన్నమాట. మేం ఖాళీ మంచం పక్కన నిలబడి నేర్చుకునేవాళ్ళం. దుప్పటి మూలలు మడవడంలో మమ్మల్ని మించినవాళ్ళు జిల్లాలో ఉండరు. సూది వెయ్యడం బత్తాయి పండు మీద, నాడి చూడడం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని. నా పక్కన కూర్చునే అనూహ్య బీపీ ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. వేళకు తిని పడుకునే ఆడపిల్లల నాడి తప్ప మా వేళ్ళకు ఇంకో నాడి తెలియదు. కేస్ స్టడీలు సీనియర్ల రికార్డుల్లోంచి ఎక్కించుకునేవాళ్ళం. శంకరమ్మ అనే ఒకావిడ నిమోనియాతో మా కాలేజీలో ప్రతి బ్యాచ్‌కూ చేరుతూనే ఉండేది. ఆమెను కళ్ళతో చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నేను రెండో ఏడులో ఉండగా, 2003 ఎండాకాలంలో, నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మంచాల మీద రోగులు కనిపిస్తేనే కాలేజీకి గుర్తింపు. గుర్తింపు లేకపోతే మా పేర్లు నర్సులుగా నమోదు కావు. అంటే అంతదాకా చదివిందంతా గంగలో పోసినట్టే. మా ప్రిన్సిపాల్ పార్వతీదేవి మేడం ఆ మాట చెప్పినప్పుడు క్లాసులో సగం మంది ఏడ్చారు. సర్కారు ఆసుపత్రిలో వార్డులు నడిపి నడిపి రిటైరై మా దగ్గరికి వచ్చిన మనిషి ఆవిడ. మేం ఏడుస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పరిపాలన చూసే రాజారావు సార్ మాత్రం చెక్కు చెదరలేదు. ఆయనకిది కొత్త కాదు, ఇలాంటి కాలేజీల్లో దేనికీ కొత్త కాదు. ఆయన కాలేజీ బస్సు వేసుకుని ఊళ్ళమీద పడ్డాడు. ఒకరోజు వచ్చి మంచం మీద పడుకుంటే కూలి, మధ్యాహ్నం బిర్యానీ. కోళ్ళఫారాల్లో, బత్తాయి తోటల్లో ఎండకు మాడేవాళ్ళకు పండుకుంటే కూలి ఏమిటో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పోటీలు పడ్డారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి చదువుకునే మాలాంటి పిల్లలు తమ ఇంటివాళ్ళను కూడా తేవచ్చని రాజారావు సార్ చెప్పాడు. నేను ఇంట్లో ఆ మాట ఎత్తకముందే మా నాయిన చెవిన పడింది.

మా నాయిన ఏలియా. కుత్బుల్లాపూర్ దగ్గర ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక దొరికిన పనల్లా చేస్తున్నాడు. మా చర్చిలో ప్రతి క్రిస్మస్ నాటకానికీ పసిపిల్లల్ని చంపించే హేరోదు రాజు ఆయనే. పిల్లలు జడుసుకునేలా కళ్ళురిమి, నాటకం అయ్యాక వాళ్ళకే బిస్కట్లు పంచేవాడు. అలాంటి మనిషికి రోగి వేషం ఇస్తామంటే ఆగుతాడా? అమ్మకు మాత్రం మొదటినుంచీ నచ్చలేదు.

“లేని రోగాన్ని నోటితోని పిలువకు. అది ఇంటది,” అంది అమ్మ.

“రోగానికి చెవులుంటయా ఏంది?” అని నాయిన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “పోరి సదువు గా మంచాల కాడ ఆగింది ఎలీషమ్మా. ఒక్క దినం పండితె పోయేదేముంది,” అన్నాడు.

తనిఖీకి రెండు వారాల ముందునుంచి సాయంత్రాలు రిహార్సల్సు. ఏ మంచం మీద ఏ జబ్బో మేడం పంచింది. ఆ జబ్బువాడు ఏమనాలో, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో, అడిగితే ఎన్ని రోజులనుంచి అని చెప్పాలో మేం నేర్పాలి. చెప్పకేం, మేం జబ్బుల లక్షణాలు సరిగ్గా నేర్చుకున్నది ఆ రెండు వారాల్లోనే. ఒకరికి నేర్పాలంటే ముందు మనకు రావాలి గదా. ఊరివాళ్ళు ఊరికే వినేవాళ్ళు కారు. కాలూ చెయ్యీ పడిపోతే మూతి ఏ పక్కకు వంకరపోతది, కామెర్లొస్తే ఆకలైతదా కాదా అని మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు. జవాబు తెలియక మేం పుస్తకాలకు పరుగెత్తేవాళ్ళం. రోగుల్లేని ఆసుపత్రిలో మాకు చదువు చెప్పింది ఆ దొంగ రోగులే. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

సొంతవాళ్ళు ఎదురుగా ఉంటే నవ్వొస్తుందని మేడం నాకు ఆడవాళ్ళ వార్డు ఇచ్చింది. నాయిన పైఅంతస్తు మగవాళ్ళ వార్డులో, అనూహ్య చేతికింద. అనూహ్య వాళ్ళది గుంటూరు వైపు, బహదూర్‌పల్లిలో కొత్త కాలనీలో ఉండేవాళ్ళు. మా బ్యాచ్‌లో ఏదైనా పొల్లుపోకుండా అప్పజెప్పగలిగేది ఆ పిల్లే. జబ్బుల పంపకంలో నాయిన వంతుకు కడుపులో పుండు వచ్చింది.

“అంకుల్, చెయ్యి ఇక్కడ పెట్టుకోండి, రొమ్ము ఎముక కింద. మంటగా ఉందనండి. వాంతి వచ్చేటట్టుందనండి,” అని అనూహ్య నేర్పుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను.

“మంచిది బిడ్డా. మరి మొఖం ఎట్ల వెట్టాలె?” అని నాయిన అడిగాడు.

అనూహ్య పుస్తకం తిరగేసింది. మొహం సంగతి పుస్తకంలో లేదు. అంత నొప్పిలో ఉన్న మనిషి మొహం మేమెవ్వరం చూసి ఎరగం. ఇగ నేనే ఏదో ఒకటి పెట్టుకుంటలే అని నాయినే ఆ పిల్లకు ధైర్యం చెప్పాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా పొట్ట పట్టుకుని మూలిగి చూపించేవాడు. బాగుందా అంటే బాగుందనేదాన్ని. అమ్మ కంచం ఎత్తుకుని అవతలికి పోయేది.

తనిఖీ రోజు నేను పొద్దున్నే కాలేజీకి వెళ్ళిపోయాను. నాయిన తర్వాత ఊరివాళ్ళతో బస్సులో వచ్చాడు. వార్డులు పెళ్ళింటిలా ఉన్నాయి. మంచం మంచానికీ ఓ మనిషి, చేతికి సెలైన్ గొట్టం. సూది లోపలికి గుచ్చలేదు, పైన ప్లాస్టరు అంటించాం, అంతే. కాలు విరిగిన మొగులయ్యకు తెల్ల పట్టీ తొడదాకా చుట్టాం. నాయిన పక్క మంచం గండయ్యది, ఆయనకు పక్షవాతం. బీపీ మిషన్లు పనిచేసేవి కొన్నే ఉన్నాయి. అందుకని తనిఖీవాళ్ళు ఒక వార్డు చూసి బయటికి రాగానే వెనక మెట్లమీదుగా వాటిని తర్వాతి వార్డుకు చేరవెయ్యాలి. ఆ పని నాకు పెట్టారు.

వాళ్ళు చెప్పిన వేళకు రాలేదు. ఎండ ముదిరింది. మగవాళ్ళ వార్డులో నాయిన మూలగడం మొదలుపెట్టాడట. చెయ్యి సరిగ్గా రొమ్ము ఎముక కిందే పెట్టుకున్నాడట. గండయ్య మంచం మీంచే మెచ్చుకున్నాడు, ఏలియా మస్తు జేస్తున్నవ్ అని. అనూహ్య బేసిన్ పట్టుకుంటే నాయిన నిజంగా వాంతి చేసుకున్నాడు. వార్డంతా ముక్కున వేలేసుకుంది. రాజారావు సార్ అటుగా వచ్చి చూసి అనూహ్యతో, బాగా చేస్తున్నాడు గాని కొంచెం తగ్గించమను, మరీ ఎక్కువైతే అనుమానం వస్తుంది అన్నాడట. అనూహ్య ఆ మాటే నాయినకు చెప్పింది. నాయిన తల ఊపి, పళ్ళు బిగపట్టి, తగ్గించాడు.

నేను ఆడవాళ్ళ వార్డు నుంచి బీపీ మిషన్ పట్టుకుని వెనక మెట్లెక్కి వచ్చేసరికి వార్డు నిశ్శబ్దంగా ఉంది. తనిఖీవాళ్ళు కింద ఉన్నారు, ఇంకాసేపట్లో పైకి వస్తారు. నాయిన నన్ను చూసి నవ్వబోయాడు. ఆయన తలకింద దిండు తడిసిపోయి ఉంది. ఫ్యాన్ కిందే ఉన్నా మెడమీద, ముక్కు మీద చెమట బొట్లు బొట్లుగా నిలబడింది. మూలుగు ఎవరైనా మూలగగలరు. మొహం ఎలాగైనా పెట్టగలరు. చెమట తెచ్చుకోవడం ఏ హేరోదు రాజుకూ రాదు.

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. నాడి కోసం వెతికాను. దారం మాదిరి సన్నగా తగిలింది. కొంత కొట్టుకుని ఆగింది, మళ్ళీ దేన్నో గుర్తు చేసుకున్నట్టు కదిలింది. అలాంటి నాడి నా వేళ్ళకింద అంతకుముందెన్నడూ లేదు. అయినా అదేమిటో నాకు తెలిసిపోయింది.

“నాయినా, నిజంగనేనా?”

ఆయన గుమ్మం వైపు చూశాడు. “ఆల్లు వోనీ బిడ్డా.”

“నిజంగనా అని అడుగుతున్న.”

“జర సప్పుడు జెయ్యకు,” అన్నాడు. అదే జవాబు.

పార్వతీదేవి మేడం దగ్గరికి పరుగెత్తి ఇది కడుపు నొప్పి కాదు, గుండె అని చెప్పాను. ఆవిడ వచ్చి నాయిన మణికట్టు పట్టుకుంది. ఆవిడ మొహం మారిపోవడం నేను చూశాను. ఇలాంటివి ఎన్నో చూసిన చెయ్యి అది. వెంటనే సికింద్రాబాద్ పంపాలని రాజారావు సార్‌తో అంది. ఆయన గొంతు తగ్గించి, పది నిమిషాలు మేడం, వాళ్ళు మెట్లెక్కుతున్నారు, ఇప్పుడు మంచం మీంచి మనిషిని దించి హడావుడి చేస్తే అందరి బతుకులూ రోడ్డున పడతాయి అన్నాడు. నావైపు తిరిగి, మీ బ్యాచ్ పిల్లల మొహాలు చూడమ్మా అన్నాడు. ఆయన రాక్షసుడేం కాదు. పది నిమిషాల్లో ఏమవుతుందనే అనుకున్నాడు. మేడం నాయిన చెయ్యి వదల్లేదు, మాటా అనలేదు. ఆవిడ ఆ మౌనాన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు.

అంతలో వాళ్ళు రానే వచ్చారు. ముందు నడుస్తున్నావిడకు జుట్టంతా తెల్లబడింది, కళ్ళద్దాలు ముక్కుమీద జారి ఉన్నాయి. ఒక్కో మంచం దాటుకుంటూ వచ్చి నాయిన దగ్గర ఆగి, కేసు చెప్పమంది. అనూహ్య గొంతు సవరించుకుని గడగడా అప్పజెప్పింది. పేరు, వయసు, ఎన్నాళ్ళనుంచి మంట, తింటే తగ్గుతుందా పెరుగుతుందా, ఏ మందులు నడుస్తున్నాయి. ఒక్క పొరపాటు లేదు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల నాయిన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రోగి మొహం చూడడం మాకెవరు నేర్పారు గనుక? చాలా బాగా చెప్పావని ఆ పెద్దావిడ మెచ్చుకుని పక్క మంచానికి కదిలింది.

“మేడం, ఈయన మా నాయిన,” అన్నాను. “ఈయనకు నిజంగనే నొప్పి ఉంది. గుండె నొప్పి.”

ఆవిడ ఆగింది. నన్ను, నాయినను, సూది లేని సెలైన్ గొట్టాన్ని చూసింది.

“ఈయనది నిజమంటున్నావు,” అంది మెల్లగా. “మరి మిగతావాళ్ళది?”

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకు తెలుసు. అడుగుపెట్టిన ప్రతి కాలేజీలోనూ తెలిసే ఉంటుంది. మా బ్యాచ్ అంతా గోడకానుకుని నిలబడి ఉంది. నాయిన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని.

“వాళ్ళకేం లేదు మేడం. అందరు మా ఊరోళ్ళే. బస్సుల తెచ్చిన్రు.”

మొదట లేచింది గండయ్య, పక్షవాతం గండయ్య. చేతికున్న ప్లాస్టరు పీకి పారేసి దుప్పటి తన్నేసి దిగాడు. “ఏలియా, ఏందిరా నిజంగనే వచ్చిందా, సెప్పొద్దా,” అంటూ నాయిన భుజాల కింద చేతులు వేశాడు. మొగులయ్య కాలికి ఆ పట్టీతోనే కుంటుకుంటూ వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. తర్వాత వరసగా మంచాలన్నీ లేచాయి. కామెర్లవాడు, ఆయాసమున్నవాడు, మూత్రపిండాలు చెడినవాడు. స్ట్రెచర్ తాళం వేసిన ఆపరేషన్ గదిలో ఉంది. తాళం చెవి కోసం ఎవరూ ఆగలేదు. దుప్పటిలో వేసుకుని రోగులే ఆయనను మెట్లు దించారు. కౌన్సిల్ వాళ్ళు గోడకు ఒదిగి దారిచ్చారు.

అంబులెన్సు గేటు ముందు తుడిచి పెట్టి ఉంది. నాతోబాటు పార్వతీదేవి మేడం ఎక్కింది. ఆక్సిజన్ మాస్కు నాయిన మొహానికి పెట్టి మర తిప్పింది. ఏ చప్పుడూ రాలేదు. ఇంకా తిప్పింది. సిలిండర్‌కు రంగు కొత్తగా వేయించారు, లోపల ఏమీ లేదు. హకీంపేట దాటుతుండగా నాయిన కళ్ళు తెరిచాడు.

“సెప్పినవా ఆల్లకు?”

“సెప్పిన నాయినా.”

“జర ఆగకపోతివి బిడ్డా,” అన్నాడు. కోపం లేదు, చేతిదాకా వచ్చింది జారిపోయినట్టు అన్నాడు. “అయిపోతుండె గదా.”

అల్వాల్ రాకముందే నా వేళ్ళకింద ఆ నాడి ఆగిపోయింది. మేడం రెండు చేతులతో ఆయన రొమ్ము నొక్కుతూనే ఉంది. ఆవిడ జుట్టు ఊడి మొహం మీద పడింది. ఇక చాలు మేడం అని నేనే ఆవిడ చేతులు పట్టుకున్నాను.

చర్చి వెనకాల సమాధి చేశాం. మంచాల మీద పడుకున్నవాళ్ళంతా వచ్చారు. గండయ్య మా అమ్మ ముందు నిలబడలేక దూరంగా కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక అమ్మ నాతో ఒక మాట చెప్పింది. ఆ పొద్దున నాయిన చాయ్ కూడా తాగలేదట. ఛాతీ బరువుగా ఉందన్నాడట. ఇంట్లో ఉండిపొమ్మని అమ్మ అంటే నవ్వాడట.

“గా అనూహ్య పోరి సెప్పినట్లనే అయితాంది, ఇయ్యాల మంచిగ పనికొస్తది అన్నడే,” అంది అమ్మ.

వానలు పడకముందే కాలేజీకి గుర్తింపు వచ్చింది. నేను ఆ వార్డులో నోరు తెరిచి చెప్పిందేదీ ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. రోగులు తగినంతమంది ఉన్నారనీ, విద్యార్థినుల శిక్షణ తృప్తికరంగా ఉందనీ రాశారట. నాయిన ఓర్చుకున్నా ఓర్చుకోకపోయినా, నేను చెప్పినా చెప్పకపోయినా అది వచ్చేదే. ఆ పది నిమిషాలు ఎవరికీ అక్కరలేదు. అది తెలిసిన రోజు నాకు ఏడుపు రాలేదు, కోపంతో అన్నం ముట్టలేదు. పార్వతీదేవి మేడం రాజీనామా చేసి వెళ్ళిపోయింది. అనూహ్య ఓసారి ఇంటికి వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని పోయింది.

నేను ఇక పోనన్నాను. ఆ భవనం గడప తొక్కనన్నాను. అమ్మ పొద్దున్నే కోళ్ళఫారానికి పోతూ గుమ్మంలో ఆగింది.

“మీ నాయిన గా మంచంల ఎందుకు పండిండె? నువ్వు ఇంట్ల కూసునేటందుకా?” అంది. నా యూనిఫాం ఉతికి, గంజి పెట్టి, తీగ మీద ఆరేసి ఉంది. వేసుకుని వెళ్ళాను.

మూడో ఏడు మమ్మల్ని నగరంలో ఒక సర్కారు ఆసుపత్రికి క్లినికల్స్‌కు పంపారు. అక్కడ మంచాలు చాలక రోగులు నేలమీద పడుకునేవాళ్ళు. మా బ్యాచ్ పిల్లలకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒకరోజు బండిమీద కూరగాయలు అమ్ముకునే ఒకాయనను ఆయన భార్య తీసుకొచ్చింది. గ్యాస్ పట్టింది, బిళ్ళ ఇస్తే పోతామని వరసలో నిలబడ్డారు. ఆయన చెయ్యి రొమ్ము ఎముక కింద ఉంది. చొక్కా కాలరు తడిసిపోయి ఉంది. నేను పోయి మణికట్టు పట్టుకున్నాను. తర్వాత డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు దీక్షిత్ దగ్గరికి పోయి, సార్, ఆయనను ముందు చూడండి అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు, నా మొహం చూసి లేచి వచ్చాడు. ఈసీజీ తీయించి, దాన్ని చూస్తూనే పరుగు పెట్టించాడు.

ఆ మనిషి బతికాడు.

డ్యూటీ దిగేటప్పుడు దీక్షిత్ సార్ నన్ను పిలిచి మీది ఏ కాలేజీ అని అడిగాడు. చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు.

“అక్కడ పేషెంట్లే ఉండరంటారే. ఇది ఎక్కడ చూసి నేర్చుకున్నావు?”

“అక్కడ్నే సార్,” అన్నాను. “ఒక్క పేషెంటు ఉండె.”